బుడిబుడి నడకల వయసులో పళ్ళు తోమే అలవాటు: మొదటి పన్ను నుంచి మూడేళ్ళు దాటేదాకా

ఏడాదిన్నర పిల్లల చేతికి బ్రష్ ఇస్తే కుచ్చు నములుతారు, పేస్టు చప్పరిస్తారు, కాసేపటికి బ్రష్‌ను నేలకేసి కొడతారు. అందులో తప్పేమీ లేదు, ఆ వయసు వేళ్ళకు అంతకు మించిన ఒడుపు ఉండదు. అదే తోముకోవడమనుకుని పెద్దవాళ్ళు ఊరుకుంటేనే చిక్కు. ఈ వయసులో పళ్ళు శుభ్రం చేసే పని పూర్తిగా పెద్దవాళ్ళది. పిల్లలు అలవాటు చేసుకోవాల్సింది, వేళ కాగానే నోరు తెరిచి కాసేపు కుదురుగా ఉండడం. ఇది కుదిరితే సొంతంగా తోముకునే నేర్పు తర్వాత దానంతటదే వస్తుంది. ఇది కుదరకముందే “నువ్వే తోముకో” అని వదిలేస్తే రెండూ రావు.

పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా అనే మాట చాలా ఇళ్ళలో వినపడుతుంది. ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. వెనక ఉండే పాల దవడపళ్ళు మాత్రం పది నుంచి పన్నెండేళ్ళ దాకా నోట్లో ఉండాలి. తిండి నమిలేది వాటితోనే. కింద తయారవుతున్న శాశ్వత దంతాలకు చోటు కాపాడేదీ అవే. పైగా పాలపంటి మీది ఎనామెల్ పొర శాశ్వత దంతం పొరకన్నా బాగా పల్చన. అందుకే ఒకసారి పుచ్చు మొదలైతే లోపలి నరం దాకా త్వరగా పాకుతుంది. నొప్పితో తినలేని, నిద్రపోలేని పసిబిడ్డకు చికిత్స చేయడం ఎవరికైనా కష్టమే.

నోట్లో ఎప్పుడు ఏ పళ్ళు ఉంటాయి

సాధారణంగా ఆరు నెలల ప్రాంతంలో కింది ముందుపళ్ళు రెండు కనిపిస్తాయి. కొందరికి నాలుగో నెలకే వస్తాయి, కొందరికి ఏడాది దాటినా రావు. మొదటి దవడపళ్ళు 13 నుంచి 19 నెలల మధ్య, కోరపళ్ళు 16 నుంచి 23 నెలల మధ్య, చిట్టచివరి దవడపళ్ళు 23 నుంచి 33 నెలల మధ్య మొలుస్తాయి. మూడేళ్ళు వచ్చేసరికి మొత్తం 20.

ఈ లెక్క ఎందుకంటే, ఏడాది లోపు ఉండేవి నున్నటి ముందుపళ్ళే కాబట్టి వాటిని తోమడం తేలిక. దవడపళ్ళు వచ్చాక పని మారిపోతుంది. వాటి మీద సన్నని గాళ్ళుంటాయి. తిన్నది అక్కడ ఇరుక్కుంటుంది, గుడ్డతో తుడిస్తే రాదు, కుచ్చు లోపలికి దిగాలి. ఏడాది దాకా తడిగుడ్డతో నెట్టుకొచ్చి, దవడపళ్ళు వచ్చాక మొదటిసారి బ్రష్ పెట్టబోతే పిల్లలు ఒప్పుకోరు. అప్పటికి వాళ్ళకు “వద్దు” అనడం వచ్చేసి ఉంటుంది. మొదటి పన్ను చిగురు చీల్చుకు వచ్చిన రోజే బ్రష్ మొదలుపెట్టమనేది ఇందుకే.

బ్రష్, పేస్టు

బ్రష్ తల చిన్నదిగా, పిల్లల పళ్ళు రెండు మూడింటిని మించి కప్పకుండా ఉండాలి. కుచ్చు మెత్తనిదై ఉండాలి. పట్టీ మీద “మెత్తని” అనో “అతి మెత్తని” అనో రాసి ఉన్నదే తీసుకోండి. “మధ్యస్థం” అన్నది పసివాళ్ళకు పనికిరాదు. ఇలాంటివి రెండు కొనండి, ఒకటి బిడ్డ చేతికి, ఒకటి మీ చేతికి. బిడ్డ బ్రష్ నమిలి పాడవుతూనే ఉంటుంది, మీ బ్రష్ కుచ్చు మాత్రం నిటారుగా ఉండాలి. మూడు నాలుగు నెలలకోసారి, లేదా కుచ్చు పక్కలకు విచ్చుకోగానే మార్చేయాలి. విచ్చుకున్న కుచ్చు చిగురు అంచున ఆనదు.

పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి, కనీసం 1000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఈ అంకె ఉంటుంది, చూసి కొనండి. పెట్టె మీద పిల్లల బొమ్మ ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని పిల్లల పేస్టుల్లో ఫ్లోరైడ్ అసలు ఉండదు, కొన్నింట్లో 500 మాత్రమే ఉంటుంది. పుచ్చును ఆపే పని చేసేది ఫ్లోరైడే. తీపిని తిని నోట్లోని క్రిములు తయారుచేసే ఆమ్లం పంటి పైపొరలోంచి ఖనిజాన్ని లాగేస్తుంటే, దాన్ని తిరిగి పొరలోకి చేర్చడానికి అది తోడ్పడుతుంది.

ఎంత వేయాలన్నదే ఎక్కువమంది పొరబడే చోటు. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, అంటే కుచ్చు మీద పల్చగా పులిమినంత. మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. ప్రకటనల్లో చూపించే నిండు బారు పిల్లలకు కాదు. పేస్టును కుచ్చు పైన కుప్పలా వదలకుండా వేలితో పోగుల మధ్యకు అదమండి. లేకపోతే బ్రష్ నోట్లో పెట్టగానే బిడ్డ దాన్ని నాకేస్తుంది, పళ్ళకు మిగిలేది ఉమ్మే. బ్రష్‌ను తడపాల్సిన పని లేదు. తడిపితే నురుగు ఎక్కువై పసివాళ్ళకు ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది.

ఆరేళ్ళ లోపు మౌత్‌వాష్ వద్దు, మింగేస్తారు. గరుగ్గా ఉండే పళ్ళపొడులు, బొగ్గు పొడులు పల్చని ఎనామెల్‌ను గీకేస్తాయి. కరెంటు బ్రష్ తప్పనిసరి కాదు. గిలిగింతలకు నవ్వే పిల్లలకు బాగుంటుంది, చప్పుడుకు జడిసేవాళ్ళకు ఉన్న భయం పెరుగుతుంది.

ఎప్పుడు తోమాలి

రోజుకు రెండుసార్లు. ఒకటి పగలు, ఇంకొకటి రాత్రి పడుకోబోయే ముందు. ఏ కారణంగానో పగటిది తప్పినా రాత్రిది తప్పకూడదు. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. మెలకువగా ఉన్నప్పుడు ఆమ్లాన్ని కడిగేసేది ఆ లాలాజలమే. అది తగ్గిన ఆ గంటలన్నీ పంటి మీద తీపి మిగిలి ఉంటే క్రిములకు అడ్డే ఉండదు.

పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు పై ముందుపళ్ళు మొదట పుచ్చేది కూడా దీనివల్లే. కింది ముందుపళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలమూ అక్కడే ఎక్కువగా చేరుతుంది. పైపళ్ళకు ఆ రక్షణ లేదు. కాబట్టి వరస ఇలా ఉండాలి: చివరి పాలు, తర్వాత బ్రష్, తర్వాత కథో పాటో, ఆపైన నిద్ర. బ్రష్ అయ్యాక దాహమేస్తే మంచినీళ్ళు మాత్రమే. ఇప్పటికే సీసాతో నిద్రపోయే అలవాటుంటే ఒక్కరోజులో మానిపించబోకండి. పాలు తాగే వేళను ఐదేసి నిమిషాలు ముందుకు జరుపుతూ రండి. ఒకటి రెండు వారాల్లో పాలకూ నిద్రకూ మధ్య బ్రష్‌కు చోటు దొరుకుతుంది.

కళ్ళు మూతలు పడే దాకా ఆగొద్దు. నిద్ర ముంచుకొస్తున్న బిడ్డతో పళ్ళు తోమించడం ఎవరివల్లా కాదు. నిద్రకు ముప్పావు గంట, అరగంట ముందే ముగించేయండి. సరిగ్గా ఎన్ని గంటలకన్నది ముఖ్యం కాదు, దేని తర్వాత అన్నదే ముఖ్యం. స్నానం తర్వాతైతే రోజూ స్నానం తర్వాతే. గడియారం చూడడం రాని వయసులో ముందు జరిగిన పనే పిల్లలకు గుర్తు.

ఎలా పట్టుకోవాలి

ఎదురుగా నిలబడి తోమబోతే బిడ్డ తల వెనక్కి వెళ్తూనే ఉంటుంది, మీకు కనిపించేదీ నాలుగు ముందుపళ్ళే. తల దేనికైనా ఆనాలి, నోట్లోకి వెలుతురు పడాలి. అందుకు మూడు పద్ధతులున్నాయి.

రెండేళ్ళ లోపు పిల్లలకు ఒడి. నేల మీద గాని మంచం మీద గాని కూర్చుని, బిడ్డ తల మీ తొడల మధ్య, కాళ్ళు అవతలికి ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టండి. పై నుంచి చూస్తే నోరంతా కనిపిస్తుంది.

ఇద్దరు పెద్దవాళ్ళుంటే మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చోండి. బిడ్డ కాళ్ళు ఒకరి నడుముకు ఇరువైపులా, తల రెండోవాళ్ళ ఒళ్ళో. కాళ్ళ వైపువాళ్ళు చేతులు పట్టుకుని కబుర్లు చెబుతుంటే, తల వైపువాళ్ళు తోముతారు. దంతవైద్యులు పసివాళ్ళ నోరు చూసేది కూడా ఇలాగే. ఇంట్లో అలవాటైన బిడ్డ అక్కడ బెదరదు.

నిలకడగా నిలబడగలిగే వయసు వచ్చాక అద్దం ముందు బిడ్డను నిలబెట్టి మీరు వెనక నిలబడండి. తల మీ పొట్టకు ఆనించి, ఎడమచేత్తో గడ్డం కింద పట్టు ఇవ్వండి.

ఎక్కడైనా సరే, బ్రష్ నోట్లో ఉండగా నడవనివ్వకండి, పరుగు అసలే వద్దు. బ్రష్‌తో సహా బోర్లా పడితే అంగిలికి, గొంతు వెనక భాగానికి లోతైన గాయాలవుతాయి. బిడ్డ బ్రష్ నమిలే ముచ్చట కూర్చున్న చోటే తీరాలి, మీ కళ్ళెదుటే తీరాలి.

తోమే క్రమం

1. బ్రష్‌ను పిడికిలితో కాకుండా పెన్ను పట్టినట్టు మూడు వేళ్ళతో పట్టుకోండి. పిడికిలి పట్టులో ఎంత బలం పడుతోందో తెలియదు.

2. కింది దవడపళ్ళ నమిలే వైపుతో మొదలుపెట్టండి. ఇక్కడ పిల్లలు పెద్దగా బెంబేలెత్తరు. ముందుకూ వెనక్కూ చిన్న చిన్న కదలికలు చాలు. దవడపళ్ళు ఇంకా రాకపోతే కింది ముందుపళ్ళతో మొదలుపెట్టండి.

3. రెండో చోటు పై ముందుపళ్ళే కావాలి. పుచ్చు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే కాబట్టి ఓపిక ఉండగానే అది అయిపోవాలి. చూపుడు వేలితో పైపెదవిని మెల్లగా ఎత్తండి. పెదవికీ చిగురుకూ మధ్య నట్టనడుమ సన్నని కండ పొర ఒకటి కనిపిస్తుంది. బ్రష్ అంచు దానికి తగిలితే ప్రాణం పోయినంత నొప్పి. పైపళ్ళు తోమగానే ఏడ్చే పిల్లల్లో చాలామంది ఏడుపుకు మూలం ఇదే. పెదవి ఎత్తిన వేలినే ఆ పొర మీద అడ్డంగా ఆనించి ఉంచితే బ్రష్ వేలికి తగులుతుంది, పొరకు తగలదు.

4. బయటివైపు పళ్ళన్నిటికీ కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద పడేలా వాల్చి పట్టుకోండి. ఉన్నచోటే సన్నగా ఆడిస్తూ రెండేసి పళ్ళ చొప్పున జరగండి. గార పేరుకునేది చిగురు అంచునే. పంటి మధ్యలో ఎంత రుద్దినా అది వదలదు.

5. చివరి దవడపళ్ళ బయటివైపుకు వెళ్ళేటప్పుడు నోరు కొద్దిగా మూయమనండి. బాగా తెరిస్తే బుగ్గ బిగుసుకుపోయి బ్రష్‌కు సందు ఉండదు.

6. లోపలివైపు, ఆ తర్వాత పై దవడపళ్ళ నమిలే వైపు. నాలుక వెనక భాగానికి బ్రష్ తగిలితే వాంతి వచ్చినట్టవుతుంది, కాబట్టి బ్రష్ తలను పంటి వైపే ఒరిగించి ఉంచండి. ఓపిక మిగిలితే నాలుక ముందు భాగం మీద ఒకటి రెండుసార్లు మెల్లగా లాగండి.

7. నోరు కడగకండి. మూడేళ్ళ లోపు పిల్లలకు ఉమ్మడం సరిగా రాదు, వచ్చేదాకా శుభ్రమైన గుడ్డతో నురుగు తుడిస్తే చాలు. నీళ్ళతో పుక్కిలిస్తే పంటి మీద ఉండాల్సిన ఫ్లోరైడ్ కాస్తా పోతుంది.

సమయానికి తేలికైన లెక్క ఒకటి ఉంది. పన్నుకు ఆరు అంకెలు లెక్కపెట్టండి. నాలుగు పళ్ళున్న బిడ్డకు 24 సెకన్లు, 20 పళ్ళున్న బిడ్డకు రెండు నిమిషాలు వస్తుంది. బలం ఎక్కువైతే చిగురు తెల్లబడుతుంది, లేదా కుచ్చు పక్కలకు ఒరిగిపోతుంది. రెండింట్లో ఏది కనిపించినా పట్టు సడలించండి.

అలవాటు ఎలా కుదురుతుంది

మొదటి రోజే రెండు నిమిషాలూ పట్టుబట్టొద్దు. మొదటి రెండు మూడు రోజులు ఐదంకెలు లెక్కపెట్టి, ఐదు అనగానే ఆపేయండి. బిడ్డ బాగానే ఉంది కదా అని ఆరు, ఏడు అంటూ పొడిగించకూడదు. చెప్పిన చోట ఆగుతారన్న నమ్మకం కుదిరాకే పిల్లలు నోరు తెరుస్తారు. తర్వాత పది, ఆపైన రెండు పదులు, వారం రెండు వారాల్లో మొత్తం నోరు. ఇప్పటికే బెదిరిపోయిన పిల్లలతోనూ ఇక్కణ్ణుంచే మళ్ళీ మొదలుపెట్టాలి.

“పళ్ళు తోముకుందామా నాన్నా?” అని అడగకండి. రెండేళ్ళ బిడ్డ నోటి వెంట వచ్చే జవాబు మీకు తెలిసిందే, వద్దన్నాక తోమితే అడిగిన మాటకు విలువుండదు. “పళ్ళు తోమే వేళైంది కన్నా. ఎర్ర బ్రషా, పచ్చ బ్రషా?” అనండి. ఏ బ్రష్, ఎవరి ఒళ్ళో, ఏ పాట అన్నవి బిడ్డ ఇష్టం. తోమడం మాత్రం జరిగి తీరుతుంది.

ముందు బిడ్డ వంతు, తర్వాత మీ వంతు. బిడ్డ తన బ్రష్‌తో అరనిమిషం ఆడుకున్నాక “ఇప్పుడు అమ్మ వంతు” అనో “తాతయ్య వంతు” అనో మొదలుపెట్టండి. మీరు తోముతున్నంతసేపూ రెండో బ్రష్ బిడ్డ చేతిలోనే ఉండనివ్వండి, మీ చేతిలోది లాక్కోరు. బొమ్మ పళ్ళు తోమించడం, మీ నోట్లో బ్రష్ పెట్టనివ్వడం కూడా పనిచేస్తాయి. కాకపోతే పెద్దవాళ్ళ బ్రష్ వేరుగా ఉండాలి. ఒకరి బ్రష్ ఒకరు వాడితే పుచ్చు కలిగించే క్రిములు చేతులు మారతాయి.

మెచ్చుకునేటప్పుడు ఫలానా పని బాగుందని చెప్పండి. “నోరు ఎంత పెద్దగా తెరిచావో!” అంటే రేపూ తెరుస్తుంది. మిఠాయి ఆశ పెట్టడం ఎంత తప్పో వేరే చెప్పక్కర్లేదు. అంతకన్నా చేటు “తోముకోకపోతే డాక్టర్ సూది పొడుస్తాడు” అనే బెదిరింపు. ఆ మాట విన్న బిడ్డను రేపు నిజంగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సి వస్తే కుర్చీ ఎక్కించలేరు.

బిడ్డను చూసుకునేవాళ్ళందరూ ఒకే వరస పాటించాలి. అమ్మ తోమిన రోజు ఒడిలో, నాన్న తోమిన రోజు అద్దం ముందు, అమ్మమ్మ దగ్గర అసలు లేకపోవడం లాంటిది ఉంటే బిడ్డ రోజూ బేరం పెడుతుంది. ఎవరి దగ్గర బేరం కుదురుతుందో పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది.

మొండికేస్తే

మొండితనం అనుకునే ముందు నోట్లోకి చూడండి. కొత్త పన్ను వస్తున్న చోట చిగురు ఉబ్బి ఉండొచ్చు, నాలుక మీద పొక్కు ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ ఒక్కచోటు వదిలి మిగతావి తోమండి. అసలు మానేస్తే తిరిగి మొదలుపెట్టడం కష్టం. పుదీనా ఘాటు చాలామంది పసివాళ్ళకు మంటగా ఉంటుంది. ఘాటు లేని పేస్టుకు మారితే ఒక్కపూటలో దారికొచ్చేవాళ్ళున్నారు. నురుగు గిట్టకపోతే నురుగు తక్కువగా వచ్చే రకం వెతకండి. పేస్టు ఏదీ పడకపోతే కొన్నాళ్ళు ఉత్త బ్రష్‌తో తోమి, తర్వాత పేస్టును పిసరంత నుంచి పెంచండి.

ఇవేవీ కాక ఒట్టి అలకే అయితే ఒళ్ళో పట్టుకుని, శాంతంగా మాట్లాడుతూ, ఇరవై సెకన్లలో పైపళ్ళు, దవడపళ్ళు తోమి వదిలేయండి. జ్వరం, ప్రయాణం, ఇంటినిండా చుట్టాలు ఉన్న రోజుల్లో ఇది తప్పదు. ఏడ్చినప్పుడు నోరు తెరుచుకునే ఉంటుంది కాబట్టి పని త్వరగానే అవుతుంది. కానీ రోజూ పెనుగులాటే అవుతుంటే ఏదో మార్చాల్సి ఉందని అర్థం. ముందు వేళ మార్చి చూడండి, తర్వాత పట్టుకునే తీరు, ఆ తర్వాత పేస్టు. మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల కుదిరిందో తెలియదు.

తీపి సిరప్ మందులు బ్రష్‌కు ముందే పోయండి. వాంతి చేసుకుంటే వెంటనే తోమొద్దు. కడుపులోని ఆమ్లంతో పైపొర అప్పటికే మెత్తబడి ఉంటుంది. నీళ్ళు తాగించి, అరగంట ఆగి తోమండి.

మింగడం, రక్తం, తెల్ల చారలు

బియ్యపు గింజంత పేస్టు మింగినా భయం లేదు, ఆ కొలత పెట్టిందే అందుకు. అయితే ట్యూబు మాత్రం అందనంత ఎత్తులో ఉండాలి. చాలా పేస్టు తినేస్తే కడుపునొప్పి, వాంతులు రావచ్చు. పాలు తాగించి డాక్టర్‌కు ఫోన్ చేయండి. రోజూ ఎక్కువ పేస్టు మింగే పిల్లలకు చిగురు కింద తయారవుతున్న శాశ్వత దంతాల మీద తెల్లని మచ్చలు రావచ్చు. తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతమైతే ఏ పేస్టు వాడాలో దంతవైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోండి.

చిగుళ్ళలో రక్తం కనపడగానే తోమడం మానేసేవాళ్ళున్నారు. గార పేరుకుని చిగురు వాచినప్పుడే సాధారణంగా రక్తం వస్తుంది. మెత్తగా, శ్రద్ధగా తోమితే కొద్దిరోజుల్లో తగ్గాలి. వారం పది రోజులైనా తగ్గకపోతే చూపించండి.

నెలకోసారి వెలుతురులో పైపెదవి ఎత్తి చూడడం అలవాటు చేసుకోండి. చిగురు అంచు వెంట సుద్దముక్కతో గీసినట్టు తెల్లని చార కనిపిస్తే అదే పుచ్చుకు మొదటి గుర్తు. ఈ దశలో దంతవైద్యుడు వేసే ఫ్లోరైడ్ పూతతో, సరైన తోమకంతో దాన్ని ఆపవచ్చు. గోధుమరంగుకు తిరిగి గుంట పడితే ఇంట్లో చేయగలిగింది ఉండదు. ఏ ఇబ్బందీ లేకపోయినా మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి దంతవైద్యుడికి చూపించడం మంచిది.

రెండు పళ్ళు ఒకదానికొకటి తగిలే చోట కుచ్చు దూరదు. దవడపళ్ళ మధ్య సందు మూసుకుపోయినప్పటి నుంచి రోజుకోసారి, రాత్రిపూట, ఫ్లాస్ దారం వాడండి. చిన్న పిడి ఉన్న ఫ్లాస్ పసినోట్లో సులువు. ముందుపళ్ళ మధ్య ఖాళీలుంటే అక్కడ అవసరం లేదు.

మూడేళ్ళు దాటాక

పేస్టు బఠాణీ గింజంతకు పెరుగుతుంది, ఉమ్మడం నేర్పాలి. స్నానాల గదిలో నీళ్ళు నోట్లో పోసుకుని గురిచూసి ఉమ్మే ఆటతో అది త్వరగా వస్తుంది. పొద్దుటి పూట బిడ్డ తోముకుంటే మీరు సరిచూడండి. రాత్రిపూట మాత్రం ఏడెనిమిదేళ్ళ దాకా మీరే తోమాలి. ఆరేళ్ళ ప్రాంతంలో చివరి పాల దవడపంటికి వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడపళ్ళు నాలుగు మొలుస్తాయి. పాలపళ్ళేలే అనుకుని చాలామంది పట్టించుకోరు, కానీ అవి జీవితాంతం ఉండాల్సినవి. అవి పైకి వస్తున్నంత కాలం పక్కపళ్ళ కన్నా పల్లంలో ఉంటాయి. బ్రష్‌ను బారుగా నడిపితే కుచ్చు వాటి మీదుగా దాటిపోతుంది. బుగ్గ వైపు నుంచి బ్రష్‌ను అడ్డంగా తిప్పి, ఒక్కో పంటినీ విడిగా తోమండి.